పఫ్ ప్యానెల్ గోడకు ఎక్కేదాకా: ఎక్కించడం, తేవడం, దించడం, దాచడం (అనంతపురంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

అరటి మాగబెట్టే గదులు కట్టుకుంటున్న రైతులు, కోల్డ్ స్టోరేజీ యజమానులు, షెడ్డు మేస్త్రీలు, లారీ డ్రైవరన్నలు, హమాలీ ముఠా పెద్దలు ఈ రోజు ఒకే చోట కూర్చున్నారు. పఫ్ ప్యానెల్ విషయంలో ఇది చాలా అవసరం. ప్యానెల్ మీ అందరి చేతుల మీదుగా పోతుంది. ఎక్కడ దెబ్బ తిన్నదో బిగించే రోజు దాకా తెలియదు. అప్పుడు కంపెనీ లారీని అంటుంది, లారీ హమాలీని అంటాడు, హమాలీ మేస్త్రీని అంటాడు. నష్టం మాత్రం యజమానిది.

ప్యానెల్ అంటే రెండు పలుచని రేకులు, మధ్యలో నురుగు. మన దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువగా జింకు పూత మీద రంగు వేసిన గాల్వనైజ్డ్ రేకు ఉంటుంది, మందం 0.5 మిల్లీమీటర్లు. మధ్యలో పాలీయురేథేన్ నురుగు, మనం పఫ్ అంటాం, ఘన మీటరుకు 40 కిలోల అటూ ఇటూ. కొన్నింటిలో పీఐఆర్ అనే అదే జాతి నురుగు, కొన్నింటిలో థర్మాకోల్, మంటకు తట్టుకోవాల్సిన చోట రాతి ఊలు, అంటే రాక్‌వూల్. వీటిలో ఏదీ ఒంటరిగా గట్టిది కాదు. రేకును వేళ్లతో వంచొచ్చు, నురుగును గోటితో గీరొచ్చు. రెండూ అతుక్కుని ఉన్నంతసేపే ప్యానెల్‌కు బలం. ఒక చోట రేకు నురుగు నుంచి విడిపోయిందంటే ఆ చోట మిగిలింది వట్టి రేకే. మళ్లీ ఫ్యాక్టరీలో అంటుకున్నట్టు సైటులో ఎవరూ అతికించలేరు. ఈ మాట గుర్తుంటే మిగతా జాగ్రత్తలు ఎందుకు చెబుతున్నానో మీకే అర్థమవుతుంది.

ముందు బరువు లెక్క వేద్దాం. చదరపు మీటరుకు రెండు వైపుల రేకు కలిపి 8 కిలోలకు కొంచెం తక్కువ. 50 మిల్లీమీటర్ల నురుగు 2 కిలోలు. అంటే చదరపు మీటరుకు దాదాపు 10 కిలోలు. మీటరు వెడల్పు, 6 మీటర్ల పొడవున్న ప్యానెల్ 60 కిలోలు తూగుతుంది. అవి 20 పేర్చి కట్టిన బండిల్ 1,200 కిలోలు. 100 మిల్లీమీటర్ల ప్యానెల్ అయితే చదరపు మీటరుకు 12 కిలోలు. రాక్‌వూల్ అయితే 50 మిల్లీమీటర్లకే 13, 14 కిలోలు అవుతుంది.

ఇప్పుడు లారీ సంగతి. 20 అడుగుల బాడీలో రెండు బండిళ్లు పక్కపక్కన, వాటి మీద ఇంకో రెండు. మొత్తం నాలుగు బండిళ్లు, 4.8 టన్నులు. బాడీ నిండిపోయింది, బండి మోయగల బరువులో సగం కూడా కాలేదు. తప్పు మొదలయ్యేది ఇక్కడే. "బరువేముంది, పైన ఇంకా చోటుంది" అని పర్లిన్లు (పైకప్పును మోసే ఇనుప పట్టెలు), యాంగిళ్లు, స్క్రూల డబ్బాలు, ఒక్కోసారి సిమెంటు బస్తాలు కూడా ప్యానెళ్ల మీద వేస్తారు. పైన వేసిన యాంగిల్ మొన గుంతలో బండి ఎగిరినప్పుడల్లా పై ప్యానెల్‌ను గుద్దుతుంది. ప్యానెళ్ల మీద ప్యానెళ్లు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. పర్లిన్లు తేవాలంటే వేరే బండి చూసుకోవాలి, లేదంటే బాడీలో పక్కన చోటు విడిచి, మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి, విడిగా కట్టి తేవాలి.

రెండు బండిళ్ల ఎత్తే ఎందుకు, మూడు ఎందుకు వద్దు? ఇదీ లెక్కే. 6 మీటర్ల బండిల్ కింద నాలుగు దిమ్మెలు పెట్టాం అనుకుందాం. ఒక్కో దిమ్మె 10 సెంటీమీటర్ల వెడల్పు. దిమ్మెకు 300 కిలోలు పడుతుంది. ఆనే చోటు 10 సెంటీమీటర్లు ఇంటూ 100, అంటే 1,000 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 300 గ్రాములు. రెండు బండిళ్లయితే అడుగు ప్యానెల్ మీద 600 గ్రాములు. బండి గుంతలో పడి లేచినప్పుడు ఆ బరువు ఒక్క క్షణం రెట్టింపు అవుతుంది, 1,200 గ్రాములు. ఈ నురుగు చదరపు సెంటీమీటరుకు కిలో, కిలోన్నర దగ్గర నలగడం మొదలవుతుంది. అంటే రెండు ఎత్తులకే మనం అంచు మీద ఉన్నాం. మూడో బండిల్ పెడితే అడుగు ప్యానెళ్లు దిమ్మెలున్న చోట నొక్కుకుపోతాయి. 10 సెంటీమీటర్ల దిమ్మెకు బదులు 5 సెంటీమీటర్ల రీపరు పెట్టినా అంతే, ఆనే చోటు సగమైంది కాబట్టి ఒత్తిడి రెట్టింపు. పైకప్పు ప్యానెళ్లకు రేకు మీద గట్లు ఉంటాయి, బరువంతా ఆ గట్ల మీదే ఆనుతుంది, వాటికి ఇంకా జాగ్రత్త కావాలి. వాటిని ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పెట్టి, మధ్యలో నురుగు ముక్కలు వేసి కట్టేది అందుకే.

దిమ్మెల మధ్య దూరం మీటరున్నర దగ్గర ఉండాలి, రెండు మీటర్లు దాటకూడదు. 6 మీటర్ల ప్యానెల్‌కు రెండు చివరల 60 సెంటీమీటర్లు వదిలి, మధ్యలో 1.6 మీటర్లకు ఒకటి పెడితే నాలుగు దిమ్మెలకు సరిగ్గా సరిపోతుంది. పై బండిల్ దిమ్మెలు కింది బండిల్ దిమ్మెలకు నిట్టనిలువుగా పైనే రావాలి. ఒక జానెడు పక్కకు జరిగినా పై బరువు ఖాళీ మీద పడి, కింది బండిల్ మధ్యలో కుంగుతుంది.

ఫ్యాక్టరీ దగ్గర ఎక్కించేటప్పుడు ఒకటి అడగండి: ఈ ప్యానెళ్లు ఎప్పుడు పోశారు? అచ్చులోంచి తీసిన నురుగు లోపల వేడిగానే ఉంటుంది, ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. కనీసం ఒక రోజు సమతలం మీద ఆరనివ్వాలి. మందం ఎక్కువైతే రెండు రోజులు మేలు. తొందరపడి అదే పూట ఎక్కిస్తే దారిలో కుదుపులకు వంపు తిరుగుతుంది, ఆ వంపు అట్లాగే గట్టిపడిపోతుంది.

బాడీ విషయం. ప్యానెల్ పొడవుకంటే బాడీ పొడవుగా ఉండాలి. తోక బయటికి వేలాడదీయడం మన దగ్గర అలవాటైపోయింది. వేలాడే భాగం స్పీడు బ్రేకరు దాటిన ప్రతిసారీ కిందికి పైకి ఊగుతుంది, బాడీ వెనుక అంచు దగ్గర రేకు ముడత పడుతుంది. ముడత పడిన ప్యానెల్ పనికిరాదు, అది దాని నడుము విరిగినట్టే. పైగా మోటారు వాహనాల చట్టంలో 194(1ఏ) అని ఒక సెక్షను 2019 సవరణలో వచ్చింది. సరుకు పక్కలకో ముందుకో వెనక్కో పరిమితికి మించి బయటికి వస్తే 20,000 రూపాయల జరిమానా, సరుకు దింపించే ఖర్చు కూడా మీదే. 9, 10 మీటర్ల ప్యానెల్ ఆర్డరు పెట్టే ముందే అంత పొడవు బండి దొరుకుతుందా, ఆ బండి మీ సైటు మలుపు తిరుగుతుందా, దారిలో కరెంటు తీగలు ఎంత ఎత్తున ఉన్నాయి అని చూసుకోండి. ఊరి పొలిమేర దాకా వచ్చి మలుపు తిరగలేక, నడిరోడ్డు మీద విడిగా దింపి ట్రాక్టరు మీద వేసుకుపోతేనే సగం ప్యానెళ్ల అంచులు పోతాయి.

బాడీ నేల మీద మేకులు, వెల్డింగ్ బొడిపెలు, పాత సరుకు కంకర ఏమీ లేకుండా ఊడ్చాలి. తర్వాత దిమ్మెలు. బండిల్‌ను ముందు తలుపుకు ఆనించాలి, ఖాళీ ఉంటే చెక్కతో, గట్టి నురుగు దిమ్మెతో నింపాలి. ఎందుకంటే ప్యానెళ్ల మీద ఉండే ప్లాస్టిక్ పొర బాగా జారుతుంది. గట్టి బ్రేకు వేసినప్పుడు సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని లెక్క కట్టి సరుకు కడతారు. 1,200 కిలోల బండిల్ అయితే దాదాపు 960 కిలోల తోపు. రాయచోటి నుంచి కడపకు వచ్చే గువ్వలచెరువు ఘాటు, గిద్దలూరు నుంచి నంద్యాలకు వచ్చే నల్లమల ఘాటు దిగేటప్పుడు ఈ తోపు ఒకసారి కాదు, మలుపు మలుపుకూ వస్తుంది. మలుపులో పక్కకు తోపు కూడా ఉంటుంది. దిమ్మెల కింద, బండిళ్ల మధ్య రబ్బరు చాపలు వేస్తే జారుడు చాలా తగ్గుతుంది. పాత కన్వేయర్ బెల్టు ముక్కలు దీనికి బాగా పనికొస్తాయి.

ఇప్పుడు కట్టడం. మోకు వద్దు, ఇనుప తాడు అసలే వద్దు. 50 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టు వాడాలి. అదైనా మూలల దగ్గర రక్షణ లేకుండా వేస్తే చెడగొడుతుంది. చేత్తో బిగించిన బెల్టులో 300 కిలోల లాగుడు తేలిగ్గా వస్తుంది. ఆ బెల్టు పై ప్యానెల్ మూల మీద ఆనేది 5 సెంటీమీటర్ల వెడల్పు, రెండు సెంటీమీటర్ల పొడవు, అంటే 10 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు. నురుగు తట్టుకునేది కిలోన్నర అని ఇందాకే అనుకున్నాం. అందుకే బెల్టు పడిన చోటల్లా మూల చితికి, నాలుక, గాడి (ఒక ప్యానెల్ పక్కదానిలో జోడు కుదిరే అంచులు) వంగిపోయి వస్తాయి. నివారణ సులభం: బెల్టు కింద పైన ప్యానెల్ వెడల్పంతా వచ్చేలా ఒక గట్టి చెక్కపలక, మూలల్లో పొడవాటి ఎల్ ఆకారపు పలక. అప్పుడు బరువు పలక మొత్తం మీద పరుచుకుంటుంది. బెల్టు ఎప్పుడూ కింద దిమ్మె ఉన్న చోట పైనే రావాలి. దిమ్మెల మధ్య ఖాళీలో బెల్టు బిగిస్తే బండిల్ నడుము లాగినట్టు అవుతుంది. ఒక్కో బండిల్ వరుసకు కనీసం మూడు బెల్టులు, 6 మీటర్లు దాటితే నాలుగు.

బయలుదేరిన 40, 50 కిలోమీటర్లకు ఆపి బెల్టులు చూడాలి. నురుగు దిమ్మెలు, చెక్కలు సర్దుకుని బెల్టు వదులవుతుంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు దేవనహళ్లి దాటాక, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు షాద్‌నగర్ దగ్గర ఒకసారి దిగి చేత్తో లాగి చూడండి. తర్వాత టీకి ఆగిన ప్రతిసారీ చూడండి. మళ్లీ బిగించేటప్పుడు బలం చూపించొద్దు, వదులు తీస్తే చాలు.

గాలి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది అనంతపురం. మన చుట్టుపక్కల గాలిమరలు ఊరికే పెట్టలేదు. గాలి ఒత్తిడి లెక్క భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో ఉంది: వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లు వస్తాయి. గంటకు 46 కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు 100 న్యూటన్లు, అంటే సుమారు 10 కిలోలు. మన 50 మిల్లీమీటర్ల ప్యానెల్ బరువు కూడా సరిగ్గా అంతే. ఆ గాలి దాటితే విడి ప్యానెల్ ఇక సరుకు కాదు, తెరచాప. లారీ గంటకు 60లో పోతుంటే గాలి లేని రోజు కూడా ఎదురుగాలి చదరపు మీటరుకు 17 కిలోల ఒత్తిడి చూపిస్తుంది. అందుకే పై బండిల్ ముందు అంచు బాడీ ముందు తలుపు కంటే ఎత్తులో తెరుచుకుని ఉండకూడదు. పట్టా వేసి ముందు భాగం బాగా ముడిచి కట్టాలి. దారిలో పట్టా ఒక మూల ఊడితే వెంటనే ఆపండి, పట్టా కొట్టుకునే దెబ్బకు రంగు లేచిపోతుంది, కింద ప్యానెల్ కూడా లేస్తుంది.

సైటులో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలంతా గాలి ఉంటుంది. విడి ప్యానెల్ పైకెత్తే పని తెల్లవారి నుంచి పదింటి లోపు పెట్టుకోవడం మంచిది. గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటుతోందంటే క్రేన్‌తో ప్యానెల్ ఎత్తొద్దు. గాలి కొలిచే చిన్న పరికరం కొంటే ఒక ప్యానెల్ ధర కూడా కాదు. అది లేకపోతే చూసుకునే గుర్తులు: దుమ్ము, కాగితాలు నేల మీంచి లేస్తే జాగ్రత్త మొదలుపెట్టాలి, చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే ఆపేయాలి.

దించడానికి వద్దాం. బండి రాగానే బెల్టులు విప్పకండి. ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. బండిళ్ల మీద చీటీలు, ప్యాకింగ్ లిస్టు, ఆర్డరు కాగితం మూడూ కలిపి చూడండి: పొడవు, మందం, రంగు, ఎన్ని. ఎక్కడైనా సొట్ట, చిరుగు, తడి కనిపిస్తే లారీ రసీదు మీద డ్రైవరు ముందే రాసి, ఆయన సంతకం తీసుకున్నాకే మీ సంతకం పెట్టండి. "సరుకు బాగా అందింది" అని సంతకం పెట్టేశాక బీమా వాళ్లను అడగడం చాలా కష్టం.

హైడ్రా క్రేన్‌తో దించితే వెడల్పు నైలాను బెల్టు స్లింగులు, వాటిని విడదీసి పట్టే అడ్డ దూలం ఉండాలి. అడ్డ దూలం లేకుండా ఒకే కొక్కేనికి రెండు స్లింగులు వేస్తే అవి లోపలికి లాగి, పై ప్యానెళ్ల అంచులు నొక్కేస్తాయి. స్లింగు పడే చోట పైనా కిందా చెక్కపలక తప్పనిసరి, ఆ పలక ప్యానెల్ వెడల్పు కంటే రెండు వేళ్లు బయటికి రావాలి. 6 మీటర్లు దాటిన బండిల్‌కు రెండు చోట్ల పట్టు చాలదు, మూడు నాలుగు చోట్ల పట్టాలి. ఫోర్క్‌లిఫ్టు అయితే 6 మీటర్ల లోపు బండిళ్లకే, ఫోర్కులు వీలైనంత దూరంగా పెట్టి, చిన్నగా నడపాలి. గొలుసు వాడొద్దు. బండిల్ కిందికి గడ్డపార దూర్చి ఎత్తొద్దు.

చేతులతో దించేవాళ్లకు ఒక మాట. హమాలీ అన్నల పని సరిగ్గా ఉంటే క్రేన్ కంటే బాగా దించుతారు, పద్ధతి చెప్పాల్సిన బాధ్యత మనది. ప్యానెల్‌ను ఒకదాని మీద ఒకటి జరిపి లాగితే పైదాని కింది అంచు కిందిదాని రంగును గీసుకుంటూ పోతుంది. ఆ గీత జింకు పొర దాకా పోతే రెండు వానలకు తుప్పు గీత అవుతుంది. కాబట్టి ముందు ఒక పొడవు అంచు లేపాలి, ప్యానెల్‌ను అంచు మీద నిలబెట్టాలి, ఆ నిలువు మీదే మోసుకుపోవాలి. పడుకోబెట్టి రెండు చివరలా ఇద్దరు పట్టుకుంటే మధ్య కుంగుతుంది. మీటరున్నరకు ఒక మనిషి లెక్కన 6 మీటర్లకు నలుగురు, 9 మీటర్లకు ఆరుగురు. పై రేకు అంచు మాత్రమే పట్టుకుని లేపకూడదు, రేకు నురుగు నుంచి ఊడొస్తుంది. రెండు రేకులనూ కలిపి అరచేతిలో పట్టాలి. దించేటప్పుడు నాలుక ఉన్న అంచు నేలకు తగలకూడదు, కింద పాత నురుగు ముక్కలు పరవండి. అర మిల్లీమీటరు రేకు అంచు కత్తిలాంటి పదునే, ఒట్టి చేతులతో, చెప్పులతో ఈ పని చేయించొద్దు. కోత తట్టుకునే గ్లౌజులు, మూసుకున్న బూట్లు ఇవ్వండి.

నిల్వ చేసే చోటు. బండి రాకముందే సిద్ధంగా ఉండాలి, వచ్చాక వెతుక్కునేది కాదు. అనంతపురం ఎర్ర నేల గట్టిగానే ఉంటుంది కాబట్టి చదును చేస్తే చాలు. కర్నూలు, నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. ఎండలో నోళ్లు తెరుస్తుంది, వాన పడితే ఉబ్బి మెత్తబడుతుంది. దాని మీద నేరుగా దిమ్మెలు పెడితే ఒక వానకే ఒకటి కుంగి, ఒకటి నిలిచి, బండిల్ మెలి తిరుగుతుంది. అక్కడ గ్రావెల్ పరిచి అణచాలి, దిమ్మె కింద కడప బండ ఒకటి పెట్టాలి. బండ బరువును పరుస్తుంది, మన జిల్లాల్లో చవకగా దొరుకుతుంది. బండ మీద చెక్క దిమ్మె, చెక్క మీద ప్యానెల్. బండను ప్యానెల్‌కు నేరుగా తగలనివ్వొద్దు.

బండిల్ అడుగు నేలకు జానెడు ఎత్తున ఉండాలి, గాలి ఆడాలి. ఒక చివర ఇంకో చివర కంటే కాస్త పైకి ఉండాలి, 6 మీటర్లకు 15 సెంటీమీటర్లు. నీరు పడితే జారిపోవాలి. సైటులో ఒక బండిల్ మీద ఇంకోటి పెట్టకుండా ఉండటమే మేలు, పెట్టాల్సి వస్తే కాంక్రీటు నేల మీదే. బండిళ్ల మధ్య మనిషి నడిచే దారి వదలండి. పచ్చి చెక్క, మందు కొట్టిన చెక్క దిమ్మెలుగా వద్దు, ఆ తడి, ఆ రసాయనం జింకును తింటాయి. చెదలు కూడా చూసుకోవాలి, చెక్కలోంచి థర్మాకోల్‌లోకి పాకుతాయి. ఎలుకలకు నురుగు గూడు కట్టుకోవడానికి చాలా ఇష్టం, తెరిచిన చివరలను టేపుతో మూసేయండి.

తడి ఎందుకు అంత చెడ్డదంటే: జింకు గాలిలో ఉన్నప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఒక గట్టి పొర ఏర్పడుతుంది, అదే దాన్ని కాపాడుతుంది. దగ్గరగా అదిమి ఉన్న రెండు రేకుల మధ్య నీరు చేరితే అక్కడికి గాలి అందదు, గట్టి పొర బదులు తెల్లటి పొడి పడుతుంది. తెల్ల తుప్పు అంటే అదే. "మా అనంతపురంలో వానే లేదు కదా" అనుకోవద్దు. మార్గశిరం, పుష్యంలో తెల్లవారుజామున పడే మంచు చాలు. రాత్రి చల్లబడిన రేకుల సందులోకి తేమ గాలి దూరి నీటి చుక్కలుగా మారుతుంది, అక్కడే నిలుస్తుంది. కడప వైపు అక్టోబరు, నవంబరు వానలు సరేసరి. బండిల్ తడిసిందని తెలిస్తే ఆ రోజే విప్పండి, ఒక్కో ప్యానెల్ తుడవండి, మధ్యలో రీపర్లు పెట్టి ఆరబెట్టండి. రాక్‌వూల్ తడిస్తే సంగతి వేరు. లోపల నీరు పీల్చుకుని బరువెక్కుతుంది, అతుకు వదిలేస్తుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరదు. దాన్ని వాడొద్దు.

పట్టా కప్పడంలో చాలామంది చేసే తప్పు, పాలిథిన్‌తో బండిల్‌ను గట్టిగా చుట్టేయడం. దాంతో లోపలి తేమ బయటికి పోదు. లేత రంగు టార్పాలిన్ వాడండి, బండిల్ మీద రెండు మూడు చోట్ల చెక్కలు పెట్టి పట్టాను లేపండి, రెండు చివరలా గాలి ఆడనివ్వండి. పట్టా ఎగరకుండా దాని మీద రాళ్లు పెట్టకండి, రాయి పెట్టిన చోటల్లా సొట్ట. నేలలో గూటాలు కొట్టి తాళ్లతో లాగండి. ఏప్రిల్, మే సాయంత్రాలు గాలివాన చెప్పి రాదు, పని ముగించే ముందు తెరిచిన బండిల్ మళ్లీ కట్టకుండా ఎవరూ ఇంటికి పోకూడదు.

ఎండ సంగతి కూడా లెక్కతోనే చూద్దాం. యూరప్ ఈఎన్ 14509 ప్రమాణం లెక్కల్లో బాగా లేత రంగు రేకు 55 డిగ్రీలు, కొంచెం ముదురుది 65, ముదురు రంగుది 80 డిగ్రీల దాకా వేడెక్కుతుందని పట్టుకుంటారు. అది వాళ్ల ఎండకు. విడి ప్యానెల్‌ను ఎండలో పడేస్తే పై రేకు 65, కింది రేకు 30 అనుకోండి. పై రేకు 6 మీటర్లకు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. కింది రేకు సాగదు. రెండూ అతుక్కుని ఉన్నాయి కాబట్టి ప్యానెల్ విల్లులా వంగుతుంది, 50 మిల్లీమీటర్ల మందానికి మధ్యలో మూడున్నర సెంటీమీటర్లకు పైగానే. సాయంత్రం చల్లబడితే తిరిగి వస్తుంది. కానీ మధ్యాహ్నం వంగినదాన్ని బలవంతంగా బిగిస్తే స్క్రూ రంధ్రాలు రాత్రికి సాగిపోతాయి. ముదురు రంగు ప్యానెల్‌లో నురుగుకూ రేకుకూ మధ్య చిన్న గాలి బుడగ ఉంటే ఎండకు అది పూరీలా ఉబ్బుతుంది, ఆ చోట అతుకు పోయినట్టే. థర్మాకోల్ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, కాబట్టి థర్మాకోల్ ప్యానెళ్లను ఎండలో అసలు ఉంచొద్దు. పెట్రోలు, థిన్నరు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది, వాటితో రేకు మరకలు తుడవొద్దు.

రేకు మీది ప్లాస్టిక్ పొర రవాణాలో గీతల నుంచి కాపాడటానికి ఉంది, నెలల తరబడి ఉంచడానికి కాదు. ఎండలో ఉంటే దాని జిగురు రంగు మీద కాలి అంటుకుపోతుంది. తర్వాత ముక్కలు ముక్కలుగా వస్తుంది, జిగురు మిగిలిపోయి దుమ్మంతా పట్టుకుంటుంది. కంపెనీ చెప్పిన గడువు సాధారణంగా నెల, నెలన్నర ఉంటుంది. మన వేసవిలో ఎండకు పెట్టారంటే రెండు మూడు వారాల్లో తీసేయండి. పొద్దున చల్లటి వేళ తీస్తే నీటుగా వస్తుంది. బిగించే ముందు జోడు దగ్గర, స్క్రూ పడే చోట, ఫ్లాషింగు (సందులు మూసే వంచిన రేకు) కిందికి పోయే చోట తప్పకుండా తీయాలి, తర్వాత అక్కడి నుంచి తీయడం ఎవరి తరమూ కాదు.

ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల పనులకు ఇంకొకటి. సిమెంటు దుమ్ము, సున్నపు పొడి రేకు మీద పడి, రాత్రి మంచుకు తడిస్తే క్షారంగా మారి రంగును తింటుంది. సిమెంటు, ఎరువుల బస్తాలను ప్యానెళ్ల పక్కన పెట్టొద్దు. గ్రైండరుతో కోసిన ఇనుప రజను కూడా అంతే, రాత్రికి రాత్రే ఎర్ర చుక్కలు వస్తాయి. ప్యానెల్‌ను గ్రైండరుతో కోయకండి. నిప్పు రవ్వలు రంగును, జింకును కాల్చేస్తాయి, నురుగును అంటుకుంటాయి. జిగ్‌సా, లోహానికి పనికొచ్చే పళ్లున్న సర్క్యులర్ సా వాడండి.

నిప్పు మాట వచ్చింది కాబట్టి కచ్చితంగా చెబుతున్నాను. పఫ్ కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. మంట కంటే ముందు పొగ చంపుతుంది. నిల్వ చోటుకు పది మీటర్ల లోపు వెల్డింగ్ వద్దు, పైన ఇనుము వెల్డింగ్ జరుగుతుంటే కింద ప్యానెళ్లు ఉండకూడదు. జనరేటరు, డీజిల్ డ్రమ్ములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వద్దు. చుట్టూ ఎండు గడ్డి కోసేయాలి, పక్క పొలంలో మోళ్లు కాల్చే కాలం ముందే తెలుసుకోవాలి. పొడి రసాయన సిలిండర్లు రెండు, ఇసుక, నీళ్ల డ్రమ్ము దగ్గర ఉంచండి. బీడీ కాల్చేవాళ్లకు వేరే చోటు చూపించండి, వట్టి బోర్డుతో పని జరగదు. స్ప్రే ఫోమ్ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. మే నెలలో మూసిన రేకు గది ఆ వేడికి చేరుతుంది, వాటిని, సిలికాన్ ట్యూబులను పక్కా గదిలో నీడన పెట్టండి.

(సభలోంచి ప్రశ్న: "సార్, అంచు చితికిన ప్యానెల్ వస్తే పారేయాల్నా? ఏదైనా చేసి వాడుకోవచ్చా?")

ఎక్కడ చితికింది అన్నదాన్ని బట్టి. నాలుక, గాడి వంగితే ఆ జోడు ఎప్పటికీ గాలి తోలుతుంది. కోల్డ్ రూములో అయితే అక్కడ చెమట, తర్వాత మంచు గడ్డ. అది చల్లగదికి వద్దు. చివర ఒక అడుగు చెడితే కోసి, తలుపు పైన, కిటికీ కింద పొట్టి ముక్కలుగా వాడుకోండి. వేలితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చిందంటే రేకు విడిపోయింది, ఆ ముక్క పైకప్పుకు పోకూడదు, మనుషులు దాని మీద నడుస్తారు. అరచేతి కంటే చిన్న సొట్ట, రంగు పగలకుండా ఉంటే, లోపలి గోడకు పర్వాలేదు. గీత జింకు దాకా పోతే సన్నటి కుంచెతో గీత మీద మాత్రమే కంపెనీ రంగు పూయండి. స్ప్రే కొడితే చుట్టూ వేరే రంగు మచ్చలా మిగులుతుంది.

(ప్రశ్న: "గదులు కట్టేది ఆరు నెలల తర్వాత. ఇప్పుడే తెప్పించుకుంటే ధర తక్కువ అంటున్నారు.")

పక్కా గోడౌను ఉంటే తెప్పించుకోండి: ఎండ పడకుండా, గాలి ఆడేలా, ఎలుకలు రాకుండా. వచ్చిన నెలలోపే బండిళ్లు విప్పి ప్లాస్టిక్ పొర తీసి, మధ్యలో పలుచని నురుగు పట్టీలు వేసి మళ్లీ పేర్చండి. ఒక ఎత్తే పేర్చండి, ఎందుకంటే వేడిలో నెలల తరబడి బరువు మోస్తే నురుగు తక్కువ ఒత్తిడికే కుంగుతుంది. నెలకొకసారి పట్టీలు లేపి తేమ, చెదలు చూడండి. గోడౌను లేదు, పట్టా కప్పి పొలంలో పెడతామంటే మాత్రం తెప్పించొద్దు. ధరలో తగ్గేదాని కంటే ప్యానెళ్లలో పోయేదే ఎక్కువ. ఆర్డరు ఇచ్చి ధర ఖాయం చేసుకోండి, పునాది, ఇనుము పని పూర్తయ్యే వారంలో బండి వచ్చేలా రాయించుకోండి. రెండు మూడు బండ్లయితే మొదట బిగించే గోడల సరుకు మొదటి బండిలో రావాలని, ఆ బండిలోనూ ముందు కావాల్సినవి పై బండిల్‌లో ఉండాలని ఆర్డరు కాగితంలోనే రాయండి.